రెండుసార్లు వద్దన్న వేలు

లొరేన్ పకెట్ అబద్ధం చెబుతోందని డిటెక్టివ్ సార్జెంట్ హిల్కా సారినెన్‌కి కాఫీ చల్లారేలోపే తెలిసిపోయింది. ఎందుకు చెబుతోందో మాత్రం అంతుచిక్కలేదు. నేరం చేసినవాళ్ళు నేరం గురించి అబద్ధమాడతారు, చెయ్యనివాళ్ళు ఇంకేదో చిన్న సంగతి దాచడానికి ఆడతారు. ఆ చిన్న సంగతి బయటపడితే గాని సారినెన్‌కి కుర్చీలో కూర్చోబుద్ధి కాదు. అందుకే నిలబడే అడుగుతోంది.

"మంగళవారం షిఫ్టు మారేటప్పుడు ఎక్కడున్నావు?"

"చెప్పాను కదండీ. నా కుర్చీలోనే."

"కుర్చీలో ఉంటే ఆ సామాను దింపింది నువ్వే అవుతావు."

"నేను దింపలేదు."

"అయితే కుర్చీలో లేవు."

లొరేన్ తల దించుకుంది. యాభై మూడేళ్ళ మనిషి, మూడు రోజులుగా నిద్ర లేని మొహం. ఎదుటి కుర్చీలో కూర్చున్న అనుమానితులెవర్నీ సారినెన్ మీరనదు, అందర్నీ నువ్వనే అంటుంది. అయినా ఈవిడ వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటుంటే చూడలేక కిటికీ వైపు తిరిగింది. బయట పార్కింగులో మంచు తోసే బండి ఒకటే పనిగా అటూ ఇటూ తిరుగుతోంది.

సడ్‌బరీకి ఉత్తరాన గంట దూరంలో ఉన్న స్కార్ లేక్ నికెల్ గని అది. షిఫ్టు మొత్తం పైకొచ్చేశాక అక్కడ కింద రాయి పేలుస్తారు. పేలుడు పొగ పూర్తిగా పోయేదాకా తర్వాతి షిఫ్టు దిగకూడదు. ఆ పొగలోని విషవాయువుకి రంగూ ఉండదు, వాసనా ఉండదు, మనిషి కూలబడేదాకా అది ఉందని తెలియదు. ఉందో పోయిందో కంట్రోల్ రూమ్‌లో తెర చెబుతుంది. ఎరుపంటే ఆగాలి, పచ్చంటే దిగొచ్చు. కింద గాలిని కొలిచే సెన్సర్ల లెక్క చూసి ఆ రంగు నిర్ణయించేది జావా భాషలో రాసిన ఒక ప్రోగ్రాం. మొన్న గురువారం తెర పచ్చగానే ఉంది. అయిమో కెట్టునెన్ అనే పనివాడు అందరికంటే ముందు దిగి, అట్టడుగు మట్టంలో నాలుగడుగులు వేసి బోర్లా పడ్డాడు. ఇవాళ సోమవారం. ఇంకా కళ్ళు తెరవలేదు.

నేరం లొరేన్ మెడకి చుట్టుకోవడానికి కారణం ఆమె పేరే. గనిలో గాలి నడిపే కంప్యూటర్లన్నీ పదకొండేళ్ళుగా ఆమె చేతిలోనే ఉన్నాయి. మంగళవారం సాయంత్రం ఆ తెర రంగు నడిపే మిషన్ మీద ఆమె పేరుతో జావా డెవలప్‌మెంట్ కిట్టు దింపినట్టు ప్యాకేజ్ మేనేజర్ రాసుకుంది. ప్యాకేజ్ మేనేజర్ అంటే మిషన్‌కి కొట్టు గుమాస్తా లాంటిది. ఫలానాది కావాలంటే గోదాములోంచి తెచ్చి అమర్చిపెడుతుంది, అడిగిందెవరో రాసుకుంటుంది. గుమాస్తా దొంగలెక్క రాయడు, నిజమే. కాని ఈ గుమాస్తాకి కళ్ళు లేవు, ఎదురుగా కూర్చున్నదెవరో కనపడదు.

తలుపు కొట్టకుండానే గ్రాంట్ మెకెల్వీ లోపలికొచ్చాడు. టొరంటో నుంచి వచ్చిన సలహాదారు. పేలుడు తర్వాత ఊరికే ఆగే సమయం తగ్గించి చూపిస్తానని నెల కిందట కంపెనీతో ఒప్పందం రాసుకున్నాడు. ప్రమాదం జరగ్గానే కంపెనీ తన సొంత విచారణ కూడా అతని చేతిలోనే పెట్టింది. చక్కగా దువ్విన జుట్టు, మట్టంటని బూట్లు.

అరెస్టు ఎప్పుడని అడిగాడు. తన లెక్క అయిపోయిందన్నాడు. ఆవిడ ఎవర్నీ అడక్కుండా కొత్త కిట్టు దింపింది, పాత జావా పక్కకి పోయింది, ప్రోగ్రాం తికమకపడి పచ్చ మీదే ఆగిపోయింది, మనిషి పడిపోయాడు. ఇందులో తెలియనిదేముందన్నాడు. శనివారం తన మనుషులు ఆ కిట్టు పీకేశారట, మిషన్ మళ్ళీ ఎప్పటిలా శుభ్రమట, ఇవాళ్టి నుంచి గని తెరుస్తున్నారట.

సారినెన్‌కి ఒళ్ళు మండింది. సాక్ష్యం మీద చెయ్యి వెయ్యమని ఎవరు చెప్పారని గట్టిగానే అడిగింది. మిషన్ కంపెనీదనీ, నకళ్ళు పోలీసులకి ఇచ్చాం కదా అనీ అతను భుజాలెగరేశాడు. గని మూయించే అధికారం ఆమెకి లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు.

"సారినెన్ గారూ, ఇది మీ ఊళ్ళో మంచు మీద తోలే బళ్ళ దొంగల్ని పట్టుకునే పని కాదు. నిప్పు లేందే పొగ రాదు కదా!"

"ఈ కేసులో పొగ వాసన కూడా లేకుండా వచ్చిందండీ. ఇక మంచుబండి దొంగ సంగతంటారా, వాడూ ముందు పక్కింటివాడి పేరే చెబుతాడు."

అతను నవ్వి, సాయంత్రం ఆరింటికి హెడ్డాఫీసుతో మాట్లాడాలనీ, అప్పటికి ఏదో ఒకటి తేల్చమనీ చెప్పి వెళ్ళిపోయాడు. తేల్చడమంటే లొరేన్ చేతులకి బేడీలని వేరే చెప్పక్కర్లేదు. లొరేన్ కూడా అది విని బల్ల అంచు పట్టుకుంది.

సారినెన్ అప్పుడు కూర్చుంది. ఇందాకటి నుంచి తనని తొలుస్తున్న ప్రశ్న ఒకటుంది. ఆ ప్రోగ్రాం నడవడానికి ఈ కిట్టు అవసరమా?

"అక్కర్లేదండీ," అంది లొరేన్. పని గురించి అడిగేసరికి గొంతు కాస్త నిలబడింది. "నడవడానికి మామూలు జావా చాలు, అది ఎప్పట్నుంచో ఉంది. కిట్టు అంటే ప్రోగ్రాం రాసి తయారుచేసే సరంజామా. వడ్డించేవాడికి గరిటె చాలు కదా. పొయ్యీ గిన్నెలూ తెచ్చుకున్నాడంటే అక్కడే ఏదో వండాలనుకున్నట్టు."

"వేరేచోట వండి తీసుకురావచ్చుగా?"

"తేవడానికి దారేది? పెన్‌డ్రైవ్ పెట్టే బెజ్జాలు గమ్ము పోసి మూసేశాం. బయటి నెట్ లేదు. తెరిచున్న గుమ్మం మా గోదాము ఒక్కటే. అందులో ఏ సామాను కావాలన్నా దొరుకుతుంది, వండిన కూర తప్ప."

"ఏం వండారో చూశావా?"

"ఎలా చూస్తానండీ? శుక్రవారం పొద్దుట్నుంచి నన్ను ఆ కుర్చీ దగ్గరికే రానివ్వట్లేదు."

సారినెన్ కోటు జేబులోంచి మడతలు పడ్డ ఆ గుమాస్తా చిట్టా నకలు తీసి బల్ల మీద పరిచింది. కిట్టు దిగినట్టున్న ముక్కకి పైన, కొద్ది క్షణాల ముందు, అదే కోరిక ఇంకో రెండుసార్లు ఉంది. రెండుసార్లూ అడిగినవాళ్ళే వద్దన్నారు, గుమాస్తా వెనక్కి తగ్గింది. మూడోసారికి దింపింది. దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. చివరికి దిగింది కదా అని ఊరుకున్నారు.

"ఒక వస్తువు కావాలని అడిగి, రెండుసార్లు వద్దనేదెవరు?"

లొరేన్ కాగితం కళ్ళ దగ్గరికి లాక్కుంది. చాలాసేపు చూసింది. తర్వాత మొహమంతా ఎర్రబడింది.

"ఇది నేను కాదండీ. ఎవరో గాని, ఇది మా వంశం మిషన్లకి అలవాటు పడ్డ చెయ్యి కాదు."

ఆమె చెప్పింది సారినెన్ రెండుసార్లు చెప్పించుకుంది. ఇలాంటి మిషన్లలో పెద్ద వంశాలు రెండు. సామాను దింపే ముందు రెండూ 'సరేనా?' అని అడుగుతాయి. ఉబుంటు వంశంలో ఊరికే ఎంటర్ మీట నొక్కితే చాలు, సరేనన్నట్టు. గనిలో ఉన్నవి ఫెడోరా వంశం. ఇక్కడ సరేననడానికి 'వై' అక్షరం కొట్టాలి. ఉత్త ఎంటర్ నొక్కితే వద్దన్నట్టే లెక్క. ఉబుంటులో పెరిగినవాడు ఇక్కడ కూర్చుంటే మెదడు తేరుకునేలోపే వేలు ఎంటర్ మీద పడిపోతుంది. ఈ గదిలో పని నేర్చుకున్నవాళ్ళెవరూ ఆ పొరపాటు చెయ్యరు. బయటినుంచి వచ్చినవాళ్ళు చెయ్యకుండా ఉండరు.

"బాగుంది. కాని నీ మాట కోర్టులో చెల్లదు. ఆ టైముకి నువ్వెక్కడున్నావో చెబితే చెల్లుతుంది."

లొరేన్ తలుపు మూసుందో లేదో చూసి గొంతు తగ్గించింది.

"గని బావి మీది టవర్ వెనక. సిగరెట్ కాలుస్తూ."

రెండేళ్ళ కిందట లొరేన్‌కి ఊపిరితిత్తి ఆపరేషన్ అయింది. ఇక ముట్టనని కూతురు తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. కూతురు ఇప్పటికీ నమ్ముతోంది. పోలీసు కాగితాల్లోకి ఎక్కితే దానికి తెలుస్తుంది కదాని ఈ మనిషి జైలుకి పోవడానికైనా సిద్ధపడి కూర్చుంది. సారినెన్‌కి కోపమూ వచ్చింది, జాలీ వేసింది. తోడు ఎవరున్నారని అడిగింది.

"అయిమో. షిఫ్టుకి దిగే ముందు ఇద్దరం చెరొకటి కాల్చేవాళ్ళం."

ఉన్న ఒక్క సాక్షీ హాస్పిటల్‌లో గొట్టాల మధ్య ఉన్నాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, ఈవిడ ఆ చెట్టు కిందే నిలబడి ఉంది.

తెరకి తాళం వేసి వెళ్ళలేదా అంటే, కంట్రోల్ రూమ్‌లో ఎవరూ వెయ్యరంది లొరేన్. కింద మనుషులుండగా ఏదైనా అయితే పాస్‌వర్డ్ కొట్టుకుంటూ కూర్చుంటామా అంది. అది ఆ గదిలో ముప్పై ఏళ్ళ ఆచారం. ఖాళీ కుర్చీలో ఎవరు కూర్చున్నా లొరేన్ పకెటే అవుతారు.

అప్పుడే నేల కింద దడమని మోగింది. కప్పులో కాఫీ వణికింది. పొద్దుటి షిఫ్టు పైకొచ్చేసింది, కింద పేల్చారు. ఇద్దరూ ఒకేసారి గోడ గడియారం వైపు చూశారు. ఇక తెర ఎర్రగా ఉన్నంతసేపే ఆగడం, పచ్చబడగానే మనుషుల్ని దించే కేజ్ దిగుతుంది.

ఎంతసేపు ఆగుతారని సారినెన్ అడిగింది. ఇదివరకు గంటన్నర పట్టేదని చెప్పింది లొరేన్. మెకెల్వీ వచ్చి ఫ్యాన్లు సర్దాడట, ఇప్పుడు ముప్పావుగంటే పడుతోందట.

"ఎప్పట్నుంచి?"

లొరేన్ చెప్పబోయి ఆగిపోయింది. వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది.

"మంగళవారం రాత్రి నుంచి. టైము తగ్గిందని బుధవారం కేకు కోశారు. నేనూ తిన్నాను."

సారినెన్ అప్పటికే లేచి కోటు తొడుక్కుంటోంది. లొరేన్ని కూడా రమ్మంది. రానివ్వరండీ అంటే, ఎవరాపుతారో చూద్దాం పద అంది.

గేటు దగ్గర కాపలావాళ్ళతో వాదించి లొరేన్‌ని లోపలికి తెచ్చేసరికి అరగంట పైనే గడిచింది. కేజ్ దగ్గరికి వెళ్ళే నడవలో గోడకి పెద్ద చెక్కపలక ఉంది, దాని నిండా మేకులు. దిగే ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ మేకుకి తగిలించి దిగాలి, పైకొచ్చాక తీసుకోవాలి. పలక మీద ఎన్ని బిళ్ళలుంటే కింద అన్ని ప్రాణాలు. కాగితాల్లో ఏం రాసున్నా గనిలో ఎవరూ నమ్మరు, ఆ పలకనే నమ్ముతారు. మొదటి జట్టు ఆరుగురు అప్పటికే బిళ్ళలు తగిలించి, హెల్మెట్లు పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో అయిమో తమ్ముడు వెయికో కెట్టునెన్ ఒకడు.

లొరేన్‌ని చూడగానే అతను ముందుకొచ్చి ఆమె కాళ్ళ దగ్గర ఉమ్మేశాడు.

"మా అన్న లేచాడా, ముందు నీ పేరే చెబుతాడు."

"చెప్పాలనే కోరుకుంటున్నాను వెయికో," అంది లొరేన్.

సారినెన్ అడ్డంగా నిలబడి, అన్న అలా పడుంటే ఇవాళే పనిలోకి రావాలా అని అడిగింది. హాస్పిటల్ కుర్చీలో కూర్చోలేకపోతున్నానన్నాడు. అన్న పడ్డచోట ఉన్న సెన్సర్ ఏం చెబుతోందో తన కళ్ళతో తాను చూస్తేగాని నిద్ర పట్టదన్నాడు. షిఫ్ట్ బాస్ రే షవాండా కంట్రోల్ రూమ్ గుమ్మంలోంచి కేకేశాడు.

"ఒరే వెయికో! సెన్సర్ సంగతి నీకెందుకురా, నీ పని నువ్వు చూసుకో. అందరితో పాటు నడువు, ముందుకి పోకు."

వెయికో తల ఊపాడు గాని, మాట చెవికెక్కినట్టు లేదు.

కంట్రోల్ రూమ్‌లో మెకెల్వీ గాలి తెర పక్కనే కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు. తెర ఎర్రగా ఉంది. లొరేన్ని చూసి భృకుటి ముడిచాడు. సారినెన్ మాత్రం ఇందాకటి గొడవే జరగనట్టు మెత్తగా మాట్లాడింది. తనకి ఈ కంప్యూటర్ల గోల అర్థం కావట్లేదంది. రేపు జడ్జి ముందు ఈవిడ ఎలా దింపిందో చెప్పాలి, పదకొండో తరగతిలో లెక్కలు తప్పినదాన్ని, చేసి చూపించేవాళ్ళుంటే బాగుండునంది. పక్క బల్ల మీద కొత్తవాళ్ళకి నేర్పే మిషన్ ఉంది, అదీ అదే వంశం. దాని మీద చూపించమంది.

లొరేన్‌తో చేయించొచ్చు కదా అన్నాడతను. ముద్దాయి చేతికి మిషన్ ఇస్తారా ఎక్కడైనా అంది సారినెన్. ఆ మాట అతనికి నచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

చెయ్యి బాగా తిరిగినవాడే. మాట్లాడుతూనే ఆజ్ఞ కొట్టాడు. కిట్టు ఎంత బరువుందో, దానితో పాటు ఇంకేమేం దిగుతాయో చూపిస్తూ మిషన్ చివర్న ప్రశ్న వేసింది: సరేనా? అతని వేలు తటాలున ఎంటర్ మీద పడింది.

వద్దన్నారు, ఆపేశానని రాసింది మిషన్.

అతను చిన్నగా నవ్వి మళ్ళీ అదే ఆజ్ఞ పిలిచాడు. ఇలాంటివి చదువు లేనివాళ్ళ చేతిలో పెడితే ఇంతేనని లొరేన్ గురించి ఏదో అంటున్నాడు. అంటూనే మళ్ళీ ఎంటర్ నొక్కాడు. మిషన్ మళ్ళీ ఆపేసింది.

అతను చెప్పడం ఆపాడు. సరిగ్గా అప్పుడే పక్కన పెద్ద తెర ఎరుపు నుంచి పచ్చకి తిరిగింది, గంట మోగింది. రే మైకులో మొదటి జట్టుకి దిగొచ్చని చెప్పాడు. కేజ్ తలుపు ధనామని పడ్డ చప్పుడు వినిపించింది.

"రెండుసార్లు," అంది సారినెన్. "మూడోసారి గుర్తొస్తుంది కదండీ, 'వై' కొట్టాలని? మంగళవారం కూడా మూడోసారికే గుర్తొచ్చింది."

మెకెల్వీ మెడ తిప్పలేదు. "ప్రపంచంలో సగం మందికి ఈ అలవాటుంది. అలవాటు సాక్ష్యం కాదు."

"కాదు, ఒప్పుకుంటాను. అందుకే అది వదిలేద్దాం. ఒక్క మాట చెప్పండి. శనివారం మీవాళ్ళు పొయ్యీ గిన్నెలూ తీసుకెళ్ళారు. వండింది తీశారా?"

"మిషన్ శుభ్రంగా ఉందని సంతకం పెట్టాను."

"చాలా సంతోషం." ఉత్త అనుమానం మీద కేజ్ ఆపమంటే ఇక్కడెవరూ వినరని ఆమెకి తెలుసు, అతనే బయటపడాలి.

సారినెన్ నడవలోకి వెళ్ళి, అతిథుల కోసం పెట్టిన డబ్బాలోంచి రెండు ఇత్తడి బిళ్ళలు తెచ్చింది. ఒకటి తన అరచేతిలో ఉంచుకుంది. రెండోది అతని ముందు పెట్టింది.

"రెండో కేజ్‌లో మనమిద్దరం దిగుదాం. అయిమో పడ్డచోటు నాకు చూపిద్దురుగాని. తెర పచ్చగానే ఉందిగా?"

ఆరింటికి ఫోన్ ఉందన్నాడు. ఇంకా అరగంట ఉందంది. గని బూట్లు లేవన్నాడు. నా అలమరాలో ఉన్నాయి, పది నంబరు, అన్నాడు రే, ఏమీ తెలియకుండానే. నడుము నొప్పన్నాడు. కేజ్‌లో నిలబడ్డమే కదా అన్నాడు రే. అని, అంతలోనే ఆగిపోయాడు. అతని చూపు బిళ్ళ మీద పడింది, బిళ్ళ నుంచి మెకెల్వీ చేతుల మీదికి వెళ్ళింది. ఆ చేతులు రెండూ ఒళ్ళోకి ముడుచుకున్నాయి. బల్ల మీద ఇత్తడి ముక్క అలాగే పడుంది. గనిలో ఇరవై తొమ్మిదేళ్ళు చేసినవాడికి ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

"అయ్యో దేవుడా," అని ఫోన్ మీదికి దూకాడు రే.

అట్టడుగు మట్టంలో ఫోన్ మోగింది, మోగుతూనే ఉంది. కేజ్ ఖాళీగా పైకి బయల్దేరిందని మీటరు చెబుతోంది. ఆరుగురూ దిగి నడుస్తున్నారన్నమాట. రే గోడ మీది ఎర్ర డబ్బా అద్దం మోచేత్తో పగలగొట్టి లోపలి మీట లాగాడు. అది కంపు గ్యాస్ వదిలే మీట. గాలితో పాటు కిందికి పోతుంది. కుళ్ళిన గుడ్ల కంపు ముక్కుకి తగిలితే చేతిలో పనెలా ఉన్నా వదిలేసి కిందే ఉన్న, విషగాలి చొరబడని రక్షణ గదిలోకి పరిగెత్తాలని గనిలో పిల్లకాయకి కూడా తెలుసు. కాని ఆ కంపు అంత లోతుకి చేరడానికే కొన్ని నిమిషాలు పడుతుంది.

సారినెన్ మెకెల్వీ కాలరు పట్టుకుంది. "ఏం రాశావు అందులో? చెప్పు. నువ్వేం వండావు?"

అతను కాలరు విడిపించుకోబోయాడు. "ఎక్కువేం కాదు... ముప్పావుగంట దాటితే పచ్చ చూపించమని. ఫ్యాన్లు సరిపోతాయనుకున్నాను. రెండు రోజులు ఏమీ కాలేదు కదా. గురువారం వాళ్ళు పెద్ద పేలుడు పెట్టారు, అది నా తప్పా?"

"మరి శనివారం ఎందుకు తీయలేదు?"

తీసేస్తే మళ్ళీ గంటన్నర అవుతుంది. తగ్గించింది ఏమీ లేదని అందరికీ తెలిసిపోతుంది. అందుకోసం ఒక మనిషి పడ్డా, మరో ఆరుగురిని అదే పచ్చ తెర కిందికి పంపాడు. సారినెన్ కాలరు వదిలేసింది, లేకపోతే అతన్ని కొట్టేసేదే.

ఈలోపు ఎవర్నీ అడక్కుండా లొరేన్ తన కుర్చీలో కూర్చుంది. ముందు ఫ్యాన్లన్నీ పూర్తి వేగానికి పెట్టింది, నేల సన్నగా అదరడం మొదలైంది. తర్వాత గాలి ప్రోగ్రాంని గోదాములోంచి మళ్ళీ మొదట్నుంచీ తెచ్చి పెట్టమని ఆజ్ఞ కొట్టింది. అది కూడా ఆ గుమాస్తా తెచ్చిన సామానే. ఎవరు ఏ ముక్క మార్చినా, పాతదంతా తీసేసి కొత్తది పెడుతుంది.

సరేనా? అని అడిగింది మిషన్.

లొరేన్ తెర వైపు చూడట్లేదు, రే చెవి దగ్గరున్న ఫోన్ వైపు చూస్తోంది. ఆమె వేలు తనంతట తానే వెళ్ళి 'వై' మీద పడింది. తర్వాత ఎంటర్. సారినెన్ అది చూసింది, మెకెల్వీ కూడా చూశాడు.

ప్రోగ్రాం ఆగి మళ్ళీ లేచింది. పచ్చరంగు పోయింది. తెర ఒక్కసారిగా పై నుంచి కింది దాకా ఎర్రబడింది. అట్టడుగు మట్టం పక్కన అంకె ఒకటి వచ్చి వెలుగుతూ ఆరుతూ ఉంది.

"ఎంత?" అంది సారినెన్.

"గురువారం కంటే ఎక్కువ," అంది లొరేన్. "పది నిమిషాలు నిలబడితే పడిపోతారు. ఇంకాసేపైతే లేవరు."

రే ఫోన్ పెట్టేసి మళ్ళీ ఎత్తాడు. నడవ తలుపు తెరిచే ఉంది, అందులోంచి పలక కనిపిస్తోంది. ఆరు మేకులకి ఆరు బిళ్ళలు. ఫ్యాన్ల అదురుకి అవి చెక్కకి తగిలి టక్కు టక్కుమంటున్నాయి. ఆ చప్పుడు సారినెన్‌కి భరించరానిదిగా ఉంది. వెళ్ళి వాటిని చేత్తో పట్టుకుని ఆపాలనిపించింది.

ఫోన్ మోగింది. రక్షణ గది నంబరు.

రే ఒక్క ఉదుటున ఎత్తి చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు. అటువైపు దగ్గులు, ఎవరో వాంతి చేసుకుంటున్న చప్పుడు, తలుపు మూసి మట్టి మెత్తేశామని అరుస్తున్న గొంతు. బాగున్నారా, అందరూ ఉన్నారా అని అడిగాడు రే. పేర్లు చెప్పమన్నాడు. ఒక్కో పేరుకీ ఒక్కో వేలు మడుస్తున్నాడు. లొరేన్ పెదాలు కూడా అతనితో పాటు కదులుతున్నాయి.

ఐదో వేలుతో పిడికిలి మూసుకుంది. రే ఇంకా వింటూనే ఉన్నాడు, రెండో చెయ్యి ఎత్తి బొటనవేలు మడవడానికి సిద్ధంగా పెట్టుకుని. అది అలాగే గాల్లో ఉండిపోయింది.

"వెయికో ఏడిరా?" అన్నాడు.

అటునుంచి ఏం చెప్పారో సారినెన్‌కి వినపడలేదు. లొరేన్‌కి వినపడనక్కర్లేదు. ఆమె అప్పటికే లేచి, రే అలమరాలోంచి పది నంబరు బూట్లు బయటికి లాగి తన కాళ్ళకి తొడుక్కుంటోంది.

"సెన్సర్ దగ్గరికి పోయాడు," అంది. "వాళ్ళన్న పడ్డచోటికి."